అతిగా చెప్పే చట్టం, అసలే చెప్పని ఫారం

రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి, అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం 1982లో చేసి, ఆ దశాబ్దం చివర్లో సవరించుకున్న గర్భస్రావ నియంత్రణ చట్టంలో సమ్మతికి సంబంధించిన సెక్షను. రెండోది, మన ఎంటీపీ (వైద్యపరంగా గర్భం తొలగింపు) చట్టం కింద 2003 నాటి నిబంధనలు జతచేసిన ఫారం-సి. రెండూ పుట్టింది ఒకే పని కోసం. గర్భం తీయించుకోవడానికి వచ్చిన స్త్రీ తన ఇష్టంతోనే ఒప్పుకుందని రుజువుగా నిలవాలి. మొదటిదాంట్లో ఆమెకు ఏమేం చెప్పాలో, ఎవరు చెప్పాలో, ఎన్ని గంటల ముందు చెప్పాలో పెద్ద జాబితా ఉంటుంది. రెండోదాంట్లో ఉన్నది ఒక్కటే వాక్యం. పేరు, ఎవరి కూతురు లేదా ఎవరి భార్య, వయసు, శాశ్వత చిరునామా, ఇప్పుడుంటున్న చోటు, ఫలానా ఆసుపత్రిలో నా గర్భం తొలగించడానికి సమ్మతిస్తున్నాను అన్న మాట. కింద స్థలం, తేదీ, సంతకం. అంతే.

గర్భస్రావానికి ముందు స్త్రీకి అన్నీ వివరించి, ఆ తర్వాతే సమ్మతి తీసుకోవాలనే బిల్లులు అమెరికా రాష్ట్రాల శాసనసభల్లో నాలుగు దశాబ్దాలకు పైగా వస్తూనే ఉన్నాయి. మన దగ్గర 2021లో ఎంటీపీ చట్టాన్ని సవరించినప్పుడు చర్చంతా వారాల లెక్క మీద, మెడికల్ బోర్డుల మీద నడిచింది. సమ్మతి ఎలా తీసుకోవాలన్నది వెనకబడిపోయింది. ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలన్నది విశాఖలోనో హైదరాబాదులోనో కూర్చుని తేల్చే పని కాదు. చదువు, భాష, రోడ్డు, డబ్బు అన్నీ ఉన్న స్త్రీకి ఏ ఫారమైనా ఒకటే. తెలియనిది తానే అడిగి తెలుసుకుంటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో, అరకు లోయకు అవతల ముంచింగిపుట్టు, పెదబయలు మండలాల నుంచి దిగివచ్చే ఆదివాసీ స్త్రీ ముందు ఈ రెండు కాగితాలూ పెట్టి చూస్తేనే వాటి బలం, బలహీనత బయటపడతాయి.

పెన్సిల్వేనియా సెక్షన్ గురించి ముందు మంచి మాట చెప్పాలి, ఎందుకంటే అందులో మంచి ఉంది. ఏ పద్ధతిలో గర్భం తీస్తారు, దానివల్ల వచ్చే ముప్పులేమిటి, ఇతర మార్గాలేమున్నాయి, గర్భం ఎన్ని వారాలది, నెలలు నిండేదాకా మోస్తే ఉండే ప్రమాదాలేమిటి – ఇవన్నీ డాక్టరే నోటితో చెప్పాలని ఆ చట్టం శాసించింది. ఈ ఐదింటిలో ఒక్కటి కూడా మన ఫారం-సి లో కనబడదు. ఒక రోగి తన శరీరం గురించి నిర్ణయం తీసుకోవడానికి కావలసిన కనీస జ్ఞానం ఇదే. ఆ చట్టం అక్కడితో ఆగి ఉంటే దాన్ని ఆదర్శమనేవాణ్ణి.

ఆగలేదు. పిండం ఎలా ఎదుగుతుందో వర్ణిస్తూ, గర్భస్రావం వద్దనుకునేవారికి సాయపడే సంస్థల జాబితాతో రాష్ట్రం అచ్చేసిన సాహిత్యం ఉందని ఆమెకు చెప్పాలి. బిడ్డను పోషించే బాధ్యత తండ్రికి ఉందని చెప్పాలి. ఇవన్నీ విన్నాక ఆమె 24 గంటలు ఆగాలి. పెళ్లయిన స్త్రీ అయితే భర్తకు తెలియజేశానని రాసివ్వాలి. 1992 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ వర్సెస్ కేసీ తీర్పులో భర్తకు తెలియజేయాలన్న షరతును కొట్టేసి, మిగిలినవాటిని నిలబెట్టింది. చెప్పేది నిజమై, తప్పుదోవ పట్టించనిదైతే చాలు, స్త్రీని ప్రసవం వైపు మొగ్గేలా చేయాలన్న ఉద్దేశం ప్రభుత్వానికి ఉన్నా ఫర్వాలేదంది. కింది కోర్టు విచారణలో తేలిన ఒక సంగతిని ఆ తీర్పు కాదనలేదు: దూరం నుంచి వచ్చేవారికి, చేతిలో డబ్బు లేనివారికి, వెళ్లిన సంగతి ఇంట్లో చెప్పుకోలేనివారికి ఆ 24 గంటలు మరీ భారమవుతాయని. ఇది కలవరపెట్టే సంగతేనని ఒప్పుకుంటూనే, రాజ్యాంగ విరుద్ధం అనేంత భారం కాదని తేల్చింది. నా దృష్టిలో ఆ తీర్పు అసలు బలహీనత ఇక్కడే ఉంది. భారం ఎవరి మీద పడుతుందో చూసి, చూశాక పక్కన పెట్టేసింది.

ఆ తలుపు తెరిచాక ఏం లోపలికి వచ్చిందో తర్వాతి ఏళ్లు చూపించాయి. ఆమె కడుపులో ఉన్నది సంపూర్ణమైన, ప్రత్యేకమైన, సజీవమైన మనిషి అని డాక్టరు రాసివ్వాలని, గర్భస్రావం చేయించుకున్నవాళ్లలో ఆత్మహత్య ముప్పు పెరుగుతుందని కూడా చెప్పాలని సౌత్ డకోటా 2005లో చట్టం చేసింది. 2011లో ఆగాల్సిన గడువును 72 గంటలకు పెంచింది. టెక్సాస్‌లో 2003 చట్టం కింద అచ్చేసిన పుస్తకంలో రొమ్ము క్యాన్సర్ ప్రస్తావన చేరింది. అదే ఏడాది అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పిలిచిన నిపుణులు గర్భస్రావానికీ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం లేదని తేల్చారు. 2011లో టెక్సాస్ ఇంకో అడుగు వేసి, స్కానింగ్ చేసి వివరించి చెప్పడాన్ని తప్పనిసరి చేసింది. ఇక్కడికొచ్చేసరికి సమాచారం అన్నది రోగికి అందించే సాయం కాకుండా పోయింది, ఆమె మనసు మళ్లించే సాధనమైంది. 2022 జూన్‌లో డాబ్స్ తీర్పుతో కేసీ తీర్పు కూడా రద్దయింది. చాలా రాష్ట్రాల్లో ఇప్పుడు నిషేధమే ఉంది కాబట్టి అక్కడ సమ్మతి ప్రశ్నే మిగల్లేదు.

ఇక మన కాగితం. దీనికీ న్యాయం చేయాలి. 1971 చట్టంలోని 3(4) ప్రకారం 18 ఏళ్లు నిండి, మానసిక రోగి కాని స్త్రీ విషయంలో కావలసింది ఆమె సమ్మతి ఒక్కటే. భర్త సంతకం అక్కర్లేదు. పెన్సిల్వేనియా 1980ల్లో భర్తకు చెప్పాలని పట్టుబట్టిన మాటను మన పార్లమెంటు 1971లోనే వద్దనుకుంది. ఇది చిన్న విషయం కాదు. ఆగాల్సిన గంటల లెక్క కూడా మన చట్టంలో లేదు. చట్టంలో లేకపోయినా ఆసుపత్రుల్లో భర్త సంతకం, అత్త సంతకం అడగడం మామూలైపోయింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, జస్టిస్ చంద్రచూడ్ రాసిన తీర్పులో, చట్టంలో లేని కుటుంబ సమ్మతులు, కాగితాలు, కోర్టు అనుమతులు డాక్టర్లు అడగకూడదని స్పష్టంగా చెప్పింది.

అయితే ఫారం-సి మౌనం నిష్కపటమైన మౌనమేమీ కాదు. ఆమెకు ఏం చెప్పారో ఆ కాగితం అడగదు. ఏ భాషలో చెప్పారో అడగదు. చెప్పారా లేదా అన్నది కూడా అడగదు. వేలిముద్ర పడితే ఆసుపత్రికి రక్షణ దొరికింది, ఆమెకు మాత్రం ఏమీ దొరకలేదు. ఈ ఖాళీని కోర్టు పూరించిందా అంటే, సగమే. 2008లో సమీరా కోహ్లీ కేసులో, పరీక్ష కోసం మత్తులో ఉన్న స్త్రీకి ఆమె తల్లిని అడిగి గర్భసంచి తీసేసిన డాక్టరు చేసింది తప్పని సుప్రీంకోర్టు తేల్చింది. చేయబోయే చికిత్స స్వభావం, ప్రయోజనం, ముఖ్యమైన ముప్పులు, ప్రత్యామ్నాయాలు రోగికి చెప్పాలంది. ఆ మాటలు బంగారమే. కానీ ఎంత చెబితే సరిపోతుందన్నది రోగి అవసరాన్ని బట్టి కొలిచే అమెరికా పద్ధతి మన పరిస్థితులకు నప్పదని, డాక్టర్లలో వాడుకగా ఉన్నంత చెబితే చాలని కూడా అంది. మన రోగుల్లో ఎక్కువమంది పేదలు, చదువు లేనివాళ్లు, డాక్టరు మాటను నమ్మేవాళ్లు అన్నది అందుకు చూపిన కారణాల్లో ఒకటి. నాకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. చదువు లేని రోగికి ఎక్కువ వివరించాలి గాని తక్కువ చెప్పి సరిపెట్టడానికి అది సాకు కాకూడదు.

మన ప్రభుత్వానికి మంచి సమ్మతి పత్రం రాయడం చేతకాదని అనలేం. అదే ఆరోగ్య శాఖ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కోసం వాడే పత్రాన్ని తెచ్చి ఫారం-సి పక్కన పెట్టండి. ఇతర పద్ధతుల గురించి చెప్పారు, ఇది శాశ్వతం, విఫలమయ్యే అవకాశమూ ఉంది, ఎవరి ఒత్తిడీ లేకుండా ఒప్పుకుంటున్నాను, ఇదంతా నా సొంత భాషలో చదివి వినిపించారు – ఇవన్నీ వరుసగా ఉంటాయి. పిల్లలు ఇక వద్దనుకునే స్త్రీకి ఇన్ని మాటలు, ఈ గర్భం ఒక్కటి వద్దనుకునే స్త్రీకి ఒకే వాక్యం! ఆపరేషన్ల పత్రం అంత వివరంగా రావడం వెనక 2005లో రమాకాంత్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలున్నాయి. ఆ పత్రం ఉండగానే 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ శిబిరాల్లో ఆపరేషన్లు చేయించుకున్న 13 మంది స్త్రీలు చనిపోయారు. మంచి పత్రం ఉంటేనే సరిపోదని, పత్రం నింపే పద్ధతి కూడా మంచిదై ఉండాలని ఆ చావులు చెప్పాయి.

ఆ పద్ధతి ఎలా దారితప్పుతుందో చూడాలంటే బిలాస్‌పూర్ దాకా పోనక్కర్లేదు. ఇదే తూర్పు కనుమల పక్కన, అప్పటి ఖమ్మం జిల్లాలో జరిగింది. 2009 జూలైలో పాథ్ అనే అమెరికా సంస్థ ఐసీఎంఆర్, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేయించింది. వాళ్లలో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే ఆదివాసీ పిల్లలు ఎందరో ఉన్నారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తల తర్వాత 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ చావులకు టీకాతో సంబంధం లేదని ప్రభుత్వ విచారణ సంఘం చెప్పింది. నేనిక్కడ టీకాను తప్పుబట్టడం లేదు. ఆ టీకా మంచిదే, ప్రపంచమంతా వాడుతున్నారు. నా మాట సమ్మతి గురించి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదిక ఆంధ్రప్రదేశ్ సమ్మతి పత్రాల లెక్క బయటపెట్టింది. 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. తల్లిదండ్రులు సంత నుంచో పొలం నుంచో వచ్చి ఒప్పుకున్నట్టుగా లెక్కలోకి చేరిన పిల్లల్లో వేలమంది తరఫున మాట్లాడింది జీతం తీసుకునే ఉద్యోగి.

ఈ లెక్కను చేతిలో పెట్టుకుని ఎంటీపీ చట్టంలో ‘గార్డియన్’ అనే మాటకున్న నిర్వచనం చదవండి. మైనరు బాగోగులు చూసే వ్యక్తి ఎవరైనా గార్డియనే. తల్లి, తండ్రి అన్న మాటలే అందులో లేవు. 18 ఏళ్లు నిండని అమ్మాయి గర్భం తీయడానికి కావలసింది ఆ గార్డియన్ రాతపూర్వక సమ్మతి. అమ్మాయిని అడగాలని ఆ క్లాజులో లేదు. ఆశ్రమ పాఠశాలలో ఉండే పదిహేనేళ్ల అమ్మాయి సంరక్షణ చూసేది ఎవరు? అక్షరార్థంలో చూస్తే వార్డెన్ కూడా ఆ నిర్వచనంలోకి వచ్చేస్తుంది. ఖమ్మంలో అడ్డదారిగా జరిగింది ఇక్కడ చట్టం తెరిచి ఉంచిన దారి. మన చట్టంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన లోపం నాకు ఇదే అనిపిస్తుంది. అమెరికా బిల్లుల్లో ఎంత పెత్తనం ఉన్నా, పెన్సిల్వేనియా చట్టం మైనరు సొంత సమ్మతినీ, తల్లిదండ్రుల్లో ఒకరి సమ్మతినీ అడిగింది. తల్లిదండ్రులకు చెప్పుకోలేని అమ్మాయికి జడ్జి దగ్గరికి వెళ్లే వీలు కూడా ఇచ్చింది.

సమ్మతి అంటే ఒప్పుకోవడం ఒక్కటే కాదు, కాదనడం కూడా. 2009లో చండీగఢ్ ప్రభుత్వ ఆశ్రయంలో ఉన్న, స్వల్ప బుద్ధిమాంద్యం గల ఒక అనాథ యువతి గర్భం తీయించమని హైకోర్టు ఆదేశిస్తే, ఆమె బిడ్డను కంటానంటోంది కాబట్టి వీల్లేదని సుప్రీంకోర్టు సుచితా శ్రీవాస్తవ కేసులో ఆపింది. మన గర్భస్రావ న్యాయశాస్త్రంలో నాకు ఎక్కువ గౌరవం ఉన్న తీర్పు అదే. ఆ అమ్మాయికి కోర్టు ఇచ్చిన, తన మాట చెప్పుకునే హక్కును మన హాస్టళ్లలోని పిల్లలకు కూడా చట్టం రాసి ఇవ్వాలి. మైనరు గర్భవతి అయితే పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పాలన్న నిబంధన భయంతో ఎందరో ఆసుపత్రి గుమ్మం తొక్కరు. మైనరు, ఆమె గార్డియన్ కోరితే ఆమె పేరు, వివరాలు ఆ ఫిర్యాదులో రాయాల్సిన పనిలేదని 2022 తీర్పు చెప్పింది. ఈ ఒక్క సంగతి ఏజెన్సీలోని ప్రతి ఏఎన్‌ఎంకి తెలిసి ఉండాలి.

ఇప్పుడు అరకు కొండల కొలతతో రెండు కాగితాలనూ కొలుద్దాం. ముందు గంటలు. కొండ మీది ఊరి నుంచి కాలిబాటన రోడ్డెక్కి, జీపు పట్టుకుని అరకు లేదా పాడేరు చేరడానికే ఒక రోజు కూలి పోతుంది. నొప్పులొస్తే డోలీలో మోసుకొచ్చే ఊళ్లు ఇంకా ఉన్నాయి. కేసు కాస్త కష్టమైతే ఘాట్ దిగి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విశాఖ కేజీహెచ్‌కు పోవాలి. ఇలాంటి స్త్రీని ఇరవైనాలుగు గంటలు ఆగి మళ్లీ రమ్మంటే ఆమె మళ్లీ రాదు. సంతలో ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రల దగ్గరికి పోతుంది. టెక్సాస్ చట్టం కూడా వంద మైళ్లు, అంతకు మించిన దూరం నుంచి వచ్చేవారికి ఆ గడువును రెండు గంటలకు తగ్గించింది. దూరం ఎంత భారమో కఠిన చట్టం చేసినవాళ్లకు కూడా తెలిసొచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో తప్పనిసరి గడువులు వద్దనే చెప్పింది. కాబట్టి ఎవరైనా మన దేశంలో ఆ గడువును ప్రతిపాదిస్తే, మన్యం తరఫున గట్టిగా కాదనాలి.

తర్వాత భాష. కొండల మీద సామంతులు మాట్లాడేది కువి. వాల్మీకులు, కోటియాలు ఆదివాసీ ఒరియా మాట్లాడతారు. పోర్జా, గదబ కుటుంబాల ఇళ్లలో వాళ్ల సొంత భాషలున్నాయి. సంత బేరానికి సరిపడే తెలుగు చాలామందికి వచ్చు. రక్తస్రావం ఎంత అయితే ప్రమాదమో, జ్వరం వస్తే ఎన్నో రోజు రావాలో, మళ్లీ గర్భం వచ్చే అవకాశానికి ఏమీ కాదనీ చెప్పే తెలుగు అందరికీ అందదు. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కువి, కొండ, ఆదివాసీ ఒరియా సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తెలుగు లిపిలో తెచ్చింది. ఒకటో తరగతి పిల్లకు కువిలో పాఠం చెప్పగలిగిన రాష్ట్రం, ఆ పిల్ల తల్లికి కువిలో నాలుగు వైద్య వాక్యాలు వినిపించలేనంటే నమ్మలేం.

ఆ వాక్యాలు ఎవరు చెప్పాలన్నది ఇంకా కీలకం. భర్త, అత్త దుబాసీలుగా ఉంటే ఆమె మాట బయటికి రాదు. ఆశా కార్యకర్త ఊరి మనిషి, భాష తెలిసిన మనిషి, ఆమె సాయానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఆపరేషన్‌కో, గర్భస్రావం తర్వాత వేసే కాపర్-టీకో తీసుకొస్తే ఆమెకు ప్రోత్సాహక సొమ్ము వస్తుంది. గర్భం తీయించుకోవడానికి వచ్చిన స్త్రీకి అదే పూట కాపర్-టీ వేస్తామంటే అది సలహా కావచ్చు, షరతు కాకూడదు. ఈ తేడా ఫారం-సి లో ఎక్కడా లేదు. జర్మనీలో, గర్భస్రావం చేసే డాక్టరు, ముందుగా సలహా ఇచ్చే వ్యక్తి ఒకరే కాకూడదని నియమం ఉంది. అక్కడి మూడు రోజుల గడువు నాకు నచ్చదు గాని, చెప్పే మనిషికి ఫలితంలో వాటా ఉండకూడదన్న ఆ ఒక్క సూత్రం మాత్రం తెచ్చుకోదగ్గది.

ఆదివాసులకు సమ్మతి అంటే అర్థం కాదు, వాళ్ల తరఫున ఎవరో ఒకరు నిర్ణయించాలి అనే వాదన మైదానంలో తరచూ వినబడుతుంది. మధ్యప్రదేశ్ 1979లో బైగా వంటి తెగలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు నిషేధించింది, వాళ్ల జనాభా తగ్గకూడదని. రక్షణ పేరుతో చేసిన ఆ నిషేధం కూడా స్త్రీని అడగకుండా చేసిందే. తర్వాత బైగాలే ఛత్తీస్‌గఢ్ హైకోర్టుకు వెళ్లి దాన్ని సవాలు చేశారు. అర్థం కాదనే మాటకు జవాబు ఈ కనుమల్లోనే ఉంది. 2013లో సుప్రీంకోర్టు ఆదేశం మీద ఒడిశాలోని నియమగిరి కొండల్లో 12 గ్రామసభలు జరిగాయి. జిల్లా జడ్జి స్థాయి అధికారి ఎదుట, తమ ఊళ్లో, కువి మాట్లాడే డోంగ్రియా కోంధులు బాక్సైట్ తవ్వకం గురించి విని, అడిగి, తర్కించి, పన్నెండు చోట్లా వద్దన్నారు. సమయం ఇచ్చారు, భాష ఇచ్చారు, పక్షపాతం లేని మనిషిని కూర్చోబెట్టారు. సమ్మతి ఎలా తీసుకోవాలో మన దేశం చూపిన గొప్ప నమూనాల్లో అది ఒకటి. ఒక తేడా మాత్రం మరువకూడదు. కొండ ఊరందరిది, కాబట్టి సభ పెట్టారు. గర్భం ఒక్క స్త్రీది. అక్కడ సభ కాదు, తలుపు వేసిన గది కావాలి. 2021 సవరణ ఆమె పేరు బయటపెట్టినవారికి ఏడాది దాకా జైలు శిక్ష పెట్టింది అందుకే.

తూచి చూస్తే, పెన్సిల్వేనియా కాగితం స్త్రీని నమ్మదు కాబట్టి ఆమెకు ప్రభుత్వం ఉపన్యాసం ఇస్తుంది; మన కాగితం ఆమెను లెక్కలోకే తీసుకోదు కాబట్టి ఏమీ చెప్పదు. మొదటిదాని నుంచి డాక్టరు చెప్పాల్సిన ఐదు సంగతులు తీసుకుందాం. పిండం బొమ్మలు, గడువులు, బెదిరింపులు వదిలేద్దాం. ఫారం-సి కి నాలుగు వాక్యాలు కలపమని కేంద్ర ఆరోగ్య శాఖను అడుగుతున్నాను: ఆ ఐదు సంగతులతో పాటు ఏ ప్రమాద సూచనలకు వెనక్కి రావాలో చెప్పారు; ఇవి నాకు వచ్చిన భాషలో, కుటుంబం పక్కన లేకుండా చెప్పారు; కాపర్-టీ, ఆపరేషన్ ఒప్పుకుంటేనే గర్భస్రావం చేస్తామని ఎవరూ అనలేదు; ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చని చెప్పారు. దుబాసీ ఎవరో ఆ దుబాసీ సంతకంతో సహా ఉండాలి. పాడేరు ఐటీడీఏ ఆ వాక్యాలను కువిలో, ఆదివాసీ ఒరియాలో రికార్డు చేసి ఫోనులో వినిపించే ఏర్పాటు చేస్తే, చదువు రానివారికీ అందుతాయి.

ఫారం-సి చట్టంలో లేదు, నిబంధనల్లో ఉంది. నిబంధనలను కేంద్ర ప్రభుత్వం గెజిట్ నోటిఫికేషన్‌తో మార్చుకోవచ్చు, పార్లమెంటు కూర్చోనక్కర్లేదు. గార్డియన్ నిర్వచనం మాత్రం చట్టంలోనే ఉంది. దానికి సవరణ కావాలి, ఆ సవరణలో అమ్మాయి మాట వినాలన్న షరతు చేరాలి. అరకు లోక్‌సభ స్థానం ఎస్టీ రిజర్వుడు. ఈ బిల్లు పెట్టాల్సిన మొదటి మనిషి ఆ స్థానం నుంచి గెలిచిన సభ్యులే.